ఫర్నేస్ ఆయిల్ నీటి మీద మండుతుందా? ఆవిరి ఓడల కాలపు రేవు నియమాల వెనుక లెక్క

న్యాయశాస్త్రం చదివినవారికి రెండు ఓడల కథలు జంటగా గుర్తుంటాయి. మొదటిది 1917 జూలైలో కాసాబ్లాంకా రేవులో తగలబడిన గ్రీకు ఆవిరి ఓడ త్రాసివూలోస్. ఓడ యజమాని పేరు మీద ఆ వ్యాజ్యం పొలెమిస్ కేసుగా స్థిరపడింది. రెండవది 1951 అక్టోబరులో సిడ్నీ రేవులో ఇంధనం ఎక్కించుకుంటూ నూనెను నీళ్లలోకి వదిలిన వ్యాగన్ మౌండ్. నిర్లక్ష్యం చేసినవాడు ఏ మేరకు నష్టపరిహారం కట్టాలన్న ప్రశ్న కోసమే తరగతి గదిలో ఈ రెంటినీ పక్కపక్కన పెడతారు. అయితే ఈ రెండు ఓడల మీద జరిగింది రెండు వేర్వేరు నూనెల కథ. ఆ తేడా తెలిస్తే, బొగ్గు నుంచి చమురుకు మారుతున్న కాలంలో రేవులు రాసుకున్న భద్రతా నియమాలు ఎందుకు అలా ఉన్నాయో దానంతట అదే బోధపడుతుంది.

ఈ విషయం ఇప్పుడు తలచుకోవడానికి కారణాలు లేకపోలేదు. 2025 మే నెలలో కేరళ తీరానికి దూరంగా ఎంఎస్‌సి ఎల్సా 3 అనే సరుకు ఓడ మునిగినప్పుడు దానిలోని ఫర్నేస్ ఆయిల్ (బాయిలర్లలో, ఓడ ఇంజన్లలో మండించే చిక్కటి నూనె) ఎంత ప్రమాదకరమన్న ప్రశ్న అందరినీ కలవరపెట్టింది. అదే ఏడాది, ఆవిరి ఓడల కాలంలో పుట్టిన 1908 నాటి భారత నౌకాశ్రయాల చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చింది. చమురు అంటే పెట్రోలే అన్నంత భయం ఒకవైపు, ఫర్నేస్ ఆయిల్‌కు నిప్పే అంటదన్న ధీమా మరొకవైపు వినిపిస్తున్నాయి. రెండూ పూర్తి నిజాలు కావు.

మండేది నూనె కాదు, దాని ఆవిరి

ద్రవరూపంలో ఉన్న నూనె మండదు. దాని ఉపరితలం నుంచి లేచే ఆవిరి గాలితో తగిన పాళ్లలో కలిసినప్పుడు, ఆ మిశ్రమం మండుతుంది. పెట్రోలియం ఆవిరి విషయంలో ఆ పాళ్లు సుమారుగా నూటికి ఒకటి నుంచి ఆరేడు వంతుల మధ్య ఉంటాయి. అంతకంటే పలుచగా ఉన్నా, చిక్కగా ఉన్నా నిప్పురవ్వ ఏమీ చేయదు. ఈ ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి పైకి పోయి చెదిరిపోకుండా, ఓడ అడుగున, డెక్కు మీద, జెట్టీ వారన నేలబారుగా పాకుతుంది.

నూనెను మెల్లగా వేడి చేస్తూ పోతే, పైన చిన్న మంట చూపినప్పుడు ఆవిరి ఒక్కసారి భగ్గుమని ఆరిపోయే ఉష్ణోగ్రత ఒకటి వస్తుంది. దానినే ఫ్లాష్ పాయింట్ అంటారు. మంట నిలబడి మండే ఉష్ణోగ్రత దానికి కొంత పైన ఉంటుంది. పెట్రోలు ఫ్లాష్ పాయింట్ సున్నాకు ఎంతో దిగువన ఉంటుంది కాబట్టి ఏ దేశంలో, ఏ కాలంలో మూత తీసినా దాని పైన మండే ఆవిరి సిద్ధంగా ఉంటుంది. త్రాసివూలోస్ అడుగు గదిలో జరిగింది అదే. సరుకుగా తెచ్చిన పెట్రోలు డబ్బాలు కారి ఆ గదంతా ఆవిరితో నిండింది. దింపుడు పనివాళ్ల అజాగ్రత్త వల్ల ఒక చెక్క లోపలికి జారిపడి నిప్పురవ్వ లేవగా, ఓడ మొత్తం బూడిదయింది.

ఫ్లాష్ పాయింట్ కొలిచే పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. తెరిచిన గిన్నెలో నూనెను వేడి చేస్తే ఆవిరిలో కొంత గాలికి కొట్టుకుపోతుంది, అందువల్ల అంకె ఎక్కువగా కనిపిస్తుంది. మూసిన గిన్నెలో ఆవిరి నిలిచిపోతుంది కాబట్టి అంకె తక్కువగా, వాస్తవానికి దగ్గరగా వస్తుంది. బ్రిటన్‌లో 1871 పెట్రోలియం చట్టం తెరిచిన గిన్నె పరీక్షలో 100 ఫారన్‌హీట్ డిగ్రీలను హద్దుగా పెట్టింది. తరువాత సర్ ఫ్రెడరిక్ ఏబెల్ రూపొందించిన మూసిన గిన్నె పరికరాన్ని 1879 చట్టం అంగీకరించి, హద్దును 73 డిగ్రీలుగా మార్చింది. అంకె తగ్గింది గనుక నియమం సడలిందని పైకి అనిపిస్తుంది. నిజానికి మారింది కొలత మాత్రమే. పాత పత్రాలలో ఫ్లాష్ పాయింట్ అంకె కనిపించినప్పుడు అది ఏ గిన్నెలో తీసినదో చూడకుండా పోల్చడం వల్ల చాలా వాదాలు అనవసరంగా ముదిరాయి.

సరుకుగా చమురు, ఇంధనంగా చమురు

పందొమ్మిదో శతాబ్దపు రేవు అధికారులకు చమురు అంటే సరుకు. పీపాలలో, డబ్బాలలో కిరసనాయిలు వచ్చేది. చట్టం రేవులకు ఇచ్చిన అధికారమూ ఆ సరుకు మీదే. అలాంటి ఓడ ఎక్కడ లంగరు వేయాలి, మిగతా ఓడలకు ఎంత దూరంలో ఉండాలి, పగలు ఎర్ర జెండా, రాత్రి ఎర్ర దీపం ఎలా చూపాలి, వంట పొయ్యి వెలిగించవచ్చా వంటివన్నీ అందులో ఉండేవి. 1892 ఆగస్టులో లండన్ వ్యాపారి మార్కస్ శామ్యూల్ పంపిన మ్యూరెక్స్ అనే ట్యాంకర్ నల్లసముద్రపు రేవు బటూమిలో నింపిన కిరసనాయిలుతో సూయజ్ కాలువ దాటగలిగింది. పీపాలు లేకుండా నేరుగా ట్యాంకులలో చమురు నింపిన ఓడను కాలువలోకి రానిచ్చేందుకు కాలువ కంపెనీ పెట్టిన కఠినమైన భద్రతా షరతులకు లోబడేలా దానిని కట్టించడం వల్లనే అది సాధ్యమైంది.

అప్పటికే కాస్పియన్ సముద్రంలో ఓడలు చమురు శుద్ధి చేయగా మిగిలిన మడ్డిని బాయిలర్ల కింద మండిస్తున్నాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటి ఇరవై ఏళ్లలో యుద్ధనౌకలు, ఆ వెంటనే ప్రయాణికుల ఓడలు ఇదే దారి పట్టాయి. ఒలింపిక్ అనే పెద్ద లైనర్‌ను 1919–20లో చమురుకు మార్చాక బాయిలర్ గదుల సిబ్బంది బాగా తగ్గిందని చెబుతారు. దీనితో రేవుల ముందుకు కొత్త ప్రశ్న వచ్చింది. ప్రయాణికులతో నిండిన ఓడ అడుగు ట్యాంకులలో వేల టన్నుల చమురు ఉంది. అది సరుకు కాదు, ఇంధనం. ఆ ఓడను చమురు ఓడగా లెక్కించి ఊరికి దూరంగా ఆపాలా, బొగ్గు ఓడలాగే జెట్టీకి రానివ్వాలా?

మొదటి మార్గం ఎంచుకుంటే చమురుతో నడిచే ప్రయాణికుల ఓడ అనే ఊహే మూలపడేది. రెండవదాన్ని కళ్లు మూసుకుని ఎంచుకుంటే, చవకగా దొరికే ఏ ముడి చమురునైనా బాయిలర్ కింద పోసేవారు. ఈ చిక్కుకు దొరికిన విరుగుడు ఒక అంకె. మూసిన గిన్నె పరీక్షలో ఫ్లాష్ పాయింట్ 150 ఫారన్‌హీట్ డిగ్రీలకు, అంటే సుమారు 65.5 సెల్సియస్‌కు, తగ్గని నూనెనే వాణిజ్య ఓడలు ఇంధనంగా వాడాలన్నది ఆ కాలపు ప్రమాణంగా నిలిచింది. ఆ హద్దు దాటిన నూనె మామూలు వాతావరణంలో మండే ఆవిరిని ఇవ్వదు కాబట్టి ఓడను బొగ్గు ఓడలాగే జెట్టీకి రానివ్వవచ్చు.

దీనిని మన వేడికి అన్వయించి చూద్దాం. 1899 నాటి భారత పెట్రోలియం చట్టం, ఆ తరువాత 1934 చట్టం ప్రమాదకర పెట్రోలియానికి పెట్టిన హద్దు 76 ఫారన్‌హీట్, అంటే 24.4 సెల్సియస్. విశాఖపట్నంలో మే నెల మధ్యాహ్నం 35 సెల్సియస్ దాటడం సాధారణం కాబట్టి ఆ హద్దుకు దిగువనున్న ఏ నూనె అయినా అక్కడ మండే ఆవిరిని ఇస్తూనే ఉంటుంది. 65.5 హద్దు దాటిన ఇంధన నూనెకు అదే ఎండలో ఇంకా 30 డిగ్రీల ఎడం మిగులుతుంది. నేటి మన చట్టంలోనూ పెట్రోలియాన్ని 23 సెల్సియస్ లోపు, 23 నుంచి 65, 65 నుంచి 93 అని మూడు తరగతులు చేశారు. నూరేళ్ల నాటి 73, 150, 200 ఫారన్‌హీట్ అంకెల పోలికలు అందులో స్పష్టంగా కనిపిస్తాయి.

నూటయాభైయా, రెండు వందలా?

అంకె ఎంత ఉండాలన్న దానిపై ఇరుపక్షాల వాదనల్లోనూ బలముంది. బ్రిటిష్ నౌకాదళం మొదట 200 డిగ్రీలు పట్టుబట్టింది. గుళ్లు, మందుగుండు ఉన్న ఓడలో మార్జిన్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదన్నది వారి లెక్క. అయితే 200 దాటే నూనె ప్రపంచంలో అన్ని చోట్లా దొరకదు, దొరికినా ధర ఎక్కువ. యుద్ధకాలంలో నూనె దొరకకపోవడమూ ప్రమాదమే. చివరకు నౌకాదళం 175కి దిగింది, కానీ ఒక మినహాయింపు ఉంచింది: షేల్ రాయి నుంచి తీసే నూనెలాగా మరీ పలుచనివైతే మాత్రం 200 ఉండాల్సిందే.

ఈ మినహాయింపు నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే ఆలోచనతో రాసిన వాక్యంగా తోస్తుంది. పలుచని నూనె అతుకుల్లోంచి, వాల్వుల్లోంచి సులువుగా కారుతుంది. చిక్కని నూనె కారినా అక్కడే గడ్డకడుతుంది. ప్రమాదాన్ని ఒక్క అంకెతో కాక, ఆ నూనె నడత మొత్తంతో కొలవాలని అది రాసినవారికి తెలుసు. అమెరికా నౌకాదళ నిర్దేశాలలో మూసిన గిన్నెకు 150, తెరిచిన గిన్నెకు 175 అని రెండు అంకెలూ పక్కపక్కన ఇవ్వడంలోనూ అదే జాగ్రత్త కనబడుతుంది.

ఇక్కడే తరచూ జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. ఫ్లాష్ పాయింట్ 180 డిగ్రీలున్న నూనె వంద టన్నులున్న ట్యాంకులో పాత ముడి చమురు రెండు టన్నులు మిగిలి ఉంటే, సగటు లెక్క వేసి ఫ్లాష్ పాయింట్ ఏ 177కో దిగుతుందని అనుకోకూడదు. ముందుగా లేచేది తేలికైన భాగపు ఆవిరి కాబట్టి, ఆ కొద్దిపాటి కలగలుపే మొత్తం ట్యాంకు ఫ్లాష్ పాయింట్‌ను ఎంతో కిందికి లాగగలదు. అందుకే కొనుగోలు కాగితం మీది అంకెను నమ్మి ఊరుకోక, ఎక్కిస్తున్న నూనె నుంచి నమూనా తీసి ఉంచే అలవాటు ఏర్పడింది.

వేడి చేస్తే లెక్క తారుమారు

150 డిగ్రీల నియమం చల్లని నూనె గురించి మాత్రమే అభయమిస్తుంది. బాయిలర్‌లో మండించాల్సిన నూనెను మాత్రం చల్లగా ఉంచలేరు. చిక్కటి ఫర్నేస్ ఆయిల్ పంపులో కదలాలంటేనే ట్యాంకులోని నీటి ఆవిరి గొట్టాలతో వేడి చేయాలి. బర్నర్ మూతి దగ్గర తుంపరగా చిమ్మాలంటే 200 ఫారన్‌హీట్ దాకా, ఒక్కోసారి ఆపైకి కూడా తీసుకుపోవాలి. అంటే బర్నర్‌కు పోయే గొట్టంలో ఉన్న నూనె తన ఫ్లాష్ పాయింట్‌ను దాటిపోయి ఉంటుంది. ట్యాంకులో నిరపాయమైన నూనె, బాయిలర్ ముందు అతుకులోంచి చిమ్మితే పెట్రోలుతో సమానం.

బర్నర్ల కింద నూనె పట్టే తట్టలు, ఇసుక పెట్టెలు, నురుగు పరికరాలు, బాయిలర్ గది బయటి నుంచి మూయగల వాల్వులు వంటి నియమాలన్నీ ఈ కారణంగానే పుట్టాయి. ఆరిపోయిన బర్నర్‌ను వెలిగించే ముందు కొలిమిలోకి గాలి పంపి లోపలి ఆవిరిని బయటికి తోసేయాలనీ, వేడిగా ఉన్న ఇటుకల వల్ల దానంతట అదే అంటుకుంటుందని నూనె వదలకూడదనీ చెప్పేవారు. ఈ సూత్రం పాటించనందుకు ముఖం మీదికి మంట తన్నిన సంఘటనలు బాయిలర్ గదుల్లో కొత్త కాదు.

వేడి వల్ల మరో చిక్కు వ్యాకోచం. ఇంధన నూనె ఒక్కో సెల్సియస్ డిగ్రీకి దాదాపు పదివేలలో ఏడు వంతులు ఉబ్బుతుంది. 400 ఘనమీటర్ల నూనెను 30 డిగ్రీల వద్ద అంచు దాకా నింపి, తరువాత 50 డిగ్రీలకు వేడి చేశారనుకుందాం. 400ను 0.0007తోనూ, 20తోనూ గుణిస్తే 5.6 ఘనమీటర్లు, అంటే 200 లీటర్ల డ్రమ్ములు 28. ఆ నూనెకు చోటు లేకపోతే గాలి గొట్టం గుండా డెక్కు మీదికి, అక్కడి నుంచి రేవు నీళ్లలోకి చేరుతుంది. ట్యాంకు పైన ఖాళీ వదలాలన్న నియమం ఈ గుణకారం నుంచే వచ్చింది.

నూనె ఎక్కించే గంటలు

ఓడకు ఇంధనం ఎక్కించే పనిని బంకరింగ్ అంటారు. రేవు దృష్టిలో చమురుతో నడిచే ఓడకు అన్నిటికంటే గండమైన సమయం ఇదే. గంటకు 300 టన్నుల వేగంతో పంపు నడుస్తున్నదంటే నిమిషానికి అయిదు టన్నులు. ట్యాంకు నిండిందని డెక్కు మీది కళాసీ కేక వేసి, అది ఒడ్డున పంపు దగ్గరి మనిషికి చేరి, అతడు వాల్వు తిప్పేసరికి రెండు నిమిషాలు గడిస్తే పది టన్నులు పొంగిపోతాయి. చాలా రేవులు డెక్కు నీటి తూములను ముందే బిగించాలనీ, గొట్టాన్ని పరీక్షించాకే కలపాలనీ, రెండు వైపులా మనిషిని కాపలా ఉంచాలనీ, సంకేతాలు ముందే ఖాయం చేసుకోవాలనీ పట్టుబట్టడానికి మూలం ఈ రెండు నిమిషాలే.

ఆనాటి రేవు పనివాళ్లలో తెలుగువారు తక్కువేమీ కాదు. కాకినాడ, కోరంగి, విశాఖ తీరాల నుంచి ఆవిరి ఓడలెక్కి ‘రంగం’ వెళ్లినవారే రంగూన్ రేవు కూలీలలో పెద్ద భాగం. నది అవతల సిరియంలో బర్మా చమురు శుద్ధి కర్మాగారం ఉండేది. గొట్టాలు మోసిన చేతులలో మనవీ ఉన్నాయన్నది ఈ నియమాలు చదివేటప్పుడు నా మనసులో మెదిలే సంగతి.

నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకుతోనే భయం

నిండిన ట్యాంకులో గాలికి చోటుండదు. ఖాళీ చేసిన ట్యాంకులో గోడలకంటిన నూనె ఆవిరై గాలితో కలుస్తుంది. అందుకే మరమ్మతుకు వచ్చిన ఓడ ట్యాంకులను నీటి ఆవిరితో కడిగి, గాలి ఆడించి, లోపల మండే ఆవిరి లేదని పరీక్షించిన ధ్రువపత్రం చూపాకే వేడి పని చేయాలన్న నియమం వచ్చింది. మన రేవుల్లో దీనిని గ్యాస్-ఫ్రీ సర్టిఫికెట్ అంటారు.

ఖాళీ ట్యాంకు మరో రకంగానూ దెబ్బ తీస్తుంది. 1976 డిసెంబరు 17న లాస్ ఏంజెలస్ రేవులో సాన్సినేనా అనే ఆవిరి టర్బైన్ ట్యాంకర్ ముడి చమురు దింపేసి, ఖాళీ ట్యాంకులలోకి నీళ్లు, ఇంధన ట్యాంకులలోకి నూనె ఎక్కించుకుంటోంది. లోపలికి వచ్చే నీరు ట్యాంకులలోని ఆవిరిని బయటికి నెట్టింది. అది చెదిరిపోక డెక్కు మీద పేరుకుని అంటుకుంది. పేలుడుకు ఓడ నడిమికి విరిగింది, తొమ్మిది మంది చనిపోయారు.

బొగ్గు కంటే ప్రమాదకరమా?

చమురును శంకించినవారు బొగ్గును నిరపాయమైనదిగా చూశారు. కానీ గుట్టగా పోసిన బొగ్గు తనలో తానే వేడెక్కి రాజుకుంటుంది. 1898లో హవానా రేవులో పేలిపోయిన అమెరికా యుద్ధనౌక మెయిన్ విషయంలో, బొగ్గు గదిలోని నిప్పు పక్కనున్న మందుగుండుకు తగలడమే బహుశా కారణమని 1976లో అడ్మిరల్ రికోవర్ అధ్యయనం అభిప్రాయపడింది. దానిపై వాదం ఇంకా ముగియలేదు. మరోవైపు 1942 ఫిబ్రవరిలో న్యూయార్క్ జెట్టీ వద్ద చమురుతో నడిచే నార్మండీ కాలి ఒరిగిపోవడానికి మూలం ఇంధనం కానే కాదు. కటింగ్ టార్చి రవ్వలు ప్రాణరక్షక కవచాల కుప్ప మీద పడ్డాయి. మంట ఆర్పడానికి పోసిన నీటి బరువే ఓడను పడగొట్టింది. చమురుతో నడిచే ఓడ రేవులో తగలబడిన ప్రతిసారీ చమురునే తప్పుపట్టలేము.

నీటి మీది తెట్టు, సిడ్నీ పాఠం

ఇంధన ట్యాంకులను సముద్రపు నీటితో కడిగి ఆ నీళ్లను రేవులోనే వదలడం వల్ల మొదటి ప్రపంచ యుద్ధం తరువాత రేవులన్నీ నూనె తెట్టుతో నిండాయి. బ్రిటన్ 1922లో, అమెరికా 1924లో దానిని నిషేధిస్తూ చట్టాలు చేశాయి. చేపలు, పక్షులు, స్నానపు తీరాలతోపాటు చెక్క జెట్టీలకు నిప్పు అంటుకుంటుందన్న భయమూ ఆ ఒత్తిడిలో ఉంది. అయితే పలుచగా పరుచుకున్న ఫర్నేస్ ఆయిల్‌ను కింది నీరు ఎప్పటికప్పుడు చల్లబరుస్తుంది కాబట్టి అది అంటుకోదని ఆ రంగంలో చాలామంది నమ్మకం.

1951 అక్టోబరు 30 తెల్లవారుజామున వ్యాగన్ మౌండ్ నుంచి సిడ్నీ మోర్ట్స్ బేలోకి పెద్ద మొత్తంలో ఫర్నేస్ ఆయిల్ పొర్లింది. ఓడ దానిని తొలగించకుండానే వెళ్లిపోయింది. దాదాపు 600 అడుగుల దూరంలో మోర్ట్స్ డాక్ కంపెనీ వారి చెక్క జెట్టీ మీద కోరిమల్ అనే ఓడ మరమ్మతుకు వెల్డింగ్ సాగుతోంది. వర్క్స్ మేనేజర్ పని ఆపించి, నూనె ఎక్కించిన జెట్టీ మేనేజర్‌ను విచారించి, నీటి మీద ఆ నూనె అంటుకోదన్నదే తన నమ్మకమూ కావడంతో, కిందికి రవ్వలు పడకుండా చూడమని చెప్పి మళ్లీ మొదలుపెట్టించాడు. రెండు రోజులు ఏమీ కాలేదు. నవంబరు 1 మధ్యాహ్నం కరిగిన లోహం జారి, నీటి మీద తేలుతున్న చెత్తలోని నూలు పీలిక మీద పడింది. జెట్టీ, ఓడలు అంటుకున్నాయి.

ప్రమిదలో ఆముదం పోసి అందులో వెలిగించిన అగ్గిపుల్లను ముంచితే ఆరిపోతుంది. అదే ఆముదంలో వత్తి వేసి కొసను వెలిగిస్తే తెల్లవార్లూ వెలుగుతుంది. వత్తి కొన దగ్గర నూనె కొంచెమే ఉండి, మంట వేడికి ఆవిరై, ఆ ఆవిరి మంటను నిలబెట్టి మరింత నూనెను పైకి లాగుతుంది. సిడ్నీలో నూలు పీలిక చేసిన పని అదే. ఒకసారి చుట్టుపక్కల తెట్టు వేడెక్కిందంటే ఇక వత్తి అవసరం కూడా లేదు. ఫ్లాష్ పాయింట్ అంకె తప్పు కాలేదు. అది చెప్పేది నూనె మొత్తం వేడెక్కడం గురించి, ఒక మూల వేడెక్కడం గురించి కాదు.

ఇక ఒకే మంటపై రెండు తీర్పులు రావడం చాలామందిని తికమక పెడుతుంది. 1961లో ప్రివీ కౌన్సిల్ (ఆస్ట్రేలియా కేసులు కూడా అప్పీలుకు వెళ్లిన లండన్‌లోని న్యాయస్థానం), నీటి మీద ఆ నూనె అంటుకుంటుందని వ్యాగన్ మౌండ్ వారు సహేతుకంగా ఊహించలేరన్న దిగువ కోర్టు నిర్ధారణను తీసుకుని జెట్టీ యజమానులకు పరిహారం నిరాకరించింది. నిర్లక్ష్యం వల్ల నేరుగా కలిగిన నష్టమంతటికీ, అది ఊహించలేనిదైనా, బాధ్యత ఉంటుందన్న పొలెమిస్ సూత్రాన్నీ పక్కన పెట్టింది. 1966లో కోరిమల్, మరో ఓడ యజమానులు వేసిన వ్యాజ్యంలో అదే కౌన్సిల్ వ్యాగన్ మౌండ్ వారిని బాధ్యులను చేసింది. పైకి పొసగనట్టున్నా కారణముంది. ప్రమాదం ఊహించదగినదేనని మొదటి కేసులో జెట్టీవారు గట్టిగా వాదిస్తే, మరి తెలిసీ మీరెందుకు వెల్డింగ్ సాగించారన్న ప్రశ్న వారి మెడకే చుట్టుకునేది; అప్పటి అక్కడి చట్టంలో బాధితుడి నిర్లక్ష్యం కూడా ఉంటే పరిహారం పూర్తిగా పోయేది. కాలిన ఓడల యజమానులకు ఆ ఇబ్బంది లేదు, వారి సాక్ష్యం వేరుగా వచ్చింది. అంటుకునే అవకాశం చాలా స్వల్పమే అయినా, నిజమైనదేనని ఆ సాక్ష్యం నుంచి తేలింది.

అంత స్వల్పమైన అవకాశానికి బాధ్యత ఎందుకన్న ప్రశ్నకు రెండవ తీర్పు ఇచ్చిన సమాధానం మళ్లీ ఆ బంకరింగ్ గంటల దగ్గరికే వస్తుంది. అంత నూనె పొర్లడానికి చాలాసేపు పట్టి ఉంటుందనీ, కనిపెట్టుకుని ఉన్న చీఫ్ ఇంజనీర్ తొలి దశలోనే దానిని గమనించి ఆపించగలిగేవాడనీ, ఆపడానికి ఖర్చు లేదు, కష్టమూ లేదు కాబట్టి ఆపకపోవడానికి సమర్థన కూడా లేదనీ న్యాయమూర్తులు తేల్చారు.